సీసాలక్క పూత

పేటెంట్ల ఆఫీసు పదింటికి తెరుస్తారు. ఆఫీసరమ్మ వస్తూనే బల్ల తుడిచి, దాని మీద ఏమీ లేకుండా చూసుకుంటారు. యూనివర్సిటీలో ఎవరేం కనిపెట్టినా, కంపెనీల చేతికి పోయేముందు ఆ బల్ల మీద పెట్టాలి. పెట్టిన వస్తువు మెల్లగా జరిగి, తనను కనిపెట్టిన మనిషి దగ్గరికి పోతుంది. అప్పుడు ఫారంలో పేరు రాస్తారు. ఓసారి డీన్ గారు తెచ్చిన యంత్రం ఆయన వైపు కన్నెత్తి కూడా చూడకుండా పోయి స్టూడెంటు ఒళ్ళో కూర్చుంది. డీన్ గారు దగ్గి, కళ్ళజోడు తుడుచుకున్నారు. అంతకు మించి గొడవేం జరగలేదు.

ఆరోజు కెమిస్ట్రీ ప్రొఫెసర్ గారు ఒక బీకరు తెచ్చారు. లోపల కంటికి కనపడని పూత. దానికి ఏ మరకా అంటదు, నీళ్ళతో తొలిపితే చాలు. కొనడానికి వచ్చిన కంపెనీ ఆయన అప్పటికే పెన్ను తీసి కూర్చున్నాడు.

బీకరు ప్రొఫెసర్ గారి దాకా జరిగింది. ఆయన మొహం వెలిగింది. ఒక్క క్షణం ఆగి, అది బల్ల దిగి గుమ్మం దాటింది.

"ఇంకొకరున్నారు, పదండి" అంటూ ఆఫీసరమ్మ ఫారం చంకలో పెట్టుకున్నారు.

మెట్ల మీద అది పగలకుండా ప్రొఫెసర్ గారు చెయ్యి అడ్డం పెడుతూ దిగారు. ల్యాబు సామాను కడిగే గదిలో, అందరూ సీసాలక్క అని పిలిచే కడిగే మనిషి మోచేతి పక్కన అది ఆగింది.

"అక్కా, దీన్నేం చేశావు?" అన్నారు ప్రొఫెసర్ గారు.

"ఇందులో మీరు కలిపిన మందు పనికిరాదు, పారబొయ్యమన్నారు కదా సార్. కడగబోతే రుద్దాల్సిన పనే లేకపోయింది. మిగిలింది వేరేవాటికి పూసి చూశాను. మందంగా పూస్తే పెచ్చులూడుతోంది. పలచగా ఒక్కసారి పూసి, ఓవెన్ పక్కన ఆరబెడితే నిలుస్తోంది. ఆ సంగతే చీటీ రాసి ఈ బీకరుకి అంటించాను."

"ఆ చీటీ నీదా? మా స్టూడెంటుదనుకున్నాను. దాంతోనే కదా నా పని అయింది."

ఆఫీసరమ్మ చంకలోంచి ఫారం తీస్తూ అడిగారు. "ఇదొస్తే కడిగేవాళ్ళు అక్కర్లేదు కదమ్మా. నీ కాంట్రాక్టు కూడా ఈ నెలాఖరుకే అయిపోతోంది. తెలిసే రాశావా?"

సీసాలక్క నురగలోంచి చేతులు తీసింది. "తెలుసండీ. యాసిడ్‌కి వేళ్ళు పగిలేది నాకొక్కదానికేనా?"

పదిహేనేళ్ళుగా ఆమె కడిగిచ్చిన సీసాలతోనే తనకింత పేరొచ్చిందని ప్రొఫెసర్ గారికి అప్పుడు తట్టింది. సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది.

"మొదటి పేరు ఆమెదే రాయండి" అన్నారు.

వెనకాలే దిగివచ్చిన కంపెనీ ఆయన ముందుకొచ్చాడు. "పూత వెయ్యడం నేర్పేవాళ్ళు మాకు కావాలి. వస్తారా అమ్మా?"

"నాలాగా కడిగేవాళ్ళని కూడా తీసుకుంటే వస్తాను."

కంపెనీ కొత్త షెడ్డులో మొదటి రోజు తొమ్మిది మంది కూర్చున్నారు. ఎనిమిది మంది మొన్నటిదాకా ల్యాబుల్లో సీసాలు కడిగినవాళ్ళు. వెనక బెంచీలో ప్రొఫెసర్ గారు.

"మీరెందుకు సార్ ఇక్కడ?" అంది సీసాలక్క.

"మీరు నేర్పితే నేర్చుకుందామని, మేడమ్" అని, ఆయన బ్రష్ అందుకోవడానికి లేచి నిలబడ్డారు.