ఆయన ఖాతాలో నడక

…కంగారు పడొద్దు అని నాకు చెబుతూనే నా చేతిని వదల్లేదు ఆయన, లోపలి గది తలుపు దాకా. ఆ తర్వాత నర్సు ఆయన చొక్కా, కళ్ళజోడు, ఉంగరం, వాచీ తెచ్చి నా ఒళ్ళో పెట్టి వెళ్ళింది. ఇలాంటప్పుడు నా ఒళ్ళంటే ఒక బల్ల. ఎవరు ఏది విప్పినా పెట్టుకోవడానికి. పెళ్ళయిన నాటి నుంచీ ఇది ఇలా పరిచే ఉంది కనకే కాబోలు ఇంత వెడల్పయింది అనుకుని నవ్వుకోబోయాను. నవ్వు రాలేదు. పక్కన అమ్మాయి ముక్కు తుడుచుకుంటోంది.

“నాన్నలాంటి మనిషికి ఇలా రావడమేంటమ్మా. రోజూ అంత నడుస్తారు. ఆయనకే ఇలా అయితే, నీ సంగతి తలుచుకుంటే భయమేస్తోంది” అంది. ఆ చివరి మాట అంటూ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ప్రేమగానే. నా కొలతలు తీసే కళ్ళన్నీ ప్రేమగానే ఉంటాయి.

రోజూ అంత నడుస్తారు. నేను తల ఊపాను. ఊపడం అలవాటైపోయింది. ఆఫీసులో ఆయనతో కలిసి పనిచేసి రిటైరైనవాళ్ళంతా ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఎవరి వాచీ ఎక్కువ నడక చూపిస్తే ఆ వారం వాళ్ళ ఫొటో మీద కిరీటం బొమ్మ. ఆయన కూడా వాచీ కొన్నారు. రెండు రోజులు నడిచారు. ఆ తర్వాత మోకాలు పట్టేసిందని కుర్చీలో కాళ్ళు చాపేశారు. నేను తడిబట్టల బకెట్టుతో మేడ మీదికి వెళ్తుంటే, ఎప్పుడూ లేనిది, అటు నుంచి ఇటు తల తిప్పి నన్నే చూశారు. “నువ్వెలాగూ తిరుగుతూనే ఉంటావుగా. ఇది పెట్టుకో. ఊరికే పోతోంది నీ నడక” అన్నారు.

నాకూ తమాషాగానే అనిపించింది, అబద్ధమెందుకు. ఆ సాయంత్రం ఫోన్లో అంకె చూసి ఆయన “అబ్బో” అన్నారు. నా పని చూసి ఆయన అబ్బో అనడం అదే మొదలు. కిరీటం వచ్చాక గానీ ఆ అబ్బో నాకు కాదని తెలిసిరాలేదు. ఫోన్లో స్నేహితుడెవరో అడిగినట్టున్నాడు. “ఏముందండీ, క్రమశిక్షణ. మనసులో గట్టిగా అనుకోవాలి, అంతే” అని చెబుతున్నారు. నేను ఆ వెనకే నేల తుడుస్తున్నాను. ఆ వాచీ మాట్లాడగలిగితే ఏమనేదో అనుకున్నాను.

అంతకన్నా చిత్రమేమిటంటే, సాయంత్రమయ్యేసరికి ఆయనకి కాళ్ళు లాగడం మొదలైంది. అంకె ఎక్కువగా ఉన్న రోజున మరీను. “ఇవాళ బాగా ఎక్కువైంది, కాస్త పట్టు” అని కాళ్ళు నా మీద పెట్టేవారు. నటన కాదు. అబద్ధమాడే మనిషి ముఖంలో ఒక జాగ్రత్త కనిపిస్తుంది, ఆయన ముఖంలో అది కూడా లేదు. కళ్ళు చూసిన అంకెని ఒళ్ళు నమ్మేసింది. నేను వండింది ‘మా ఇంటి భోజనం’ అయినప్పుడు, నేను పెంచినవాళ్ళు ‘నా పిల్లలు’ అయినప్పుడు, నా నడక ఆయన నడక కావడానికి ఎంతసేపు పడుతుంది కనక. నేనూ పట్టాను ఆ కాళ్ళు. నా అలసటే ఆయన కాళ్ళలో ఉన్నట్టు, దాన్ని నేనే పిసికి దింపుతున్నట్టు.

ఆ రోజుల్లోనే అమ్మాయి నా ఫోన్లో ఒక యాప్ పెట్టింది, నేను బరువు తగ్గాలని. తినే ముందు కంచానికి ఫొటో తీయాలి. పొద్దున్నే బాత్రూంలో కొత్త తూకం మీద నిలబడితే, నా బరువు దానంతటదే నాకంటే ముందు బయటికి వచ్చేస్తుంది, ఆయన ఫోన్లోకి, అమ్మాయి ఫోన్లోకి. నేను తుడుచుకుని బట్టలు కట్టుకుని వచ్చేసరికి ఆయన దాన్ని చదివేసి ఉంటారు. ఇంటికి ఎవరైనా వస్తే వాళ్ళకీ చెబుతారు. మా వదిన, అంటే ఆయన అక్క, వచ్చినప్పుడు విని, “మా తమ్ముడు చేసుకున్నది ఒకర్నే గానీ ఇద్దరి బరువు తెచ్చుకున్నాడు” అంది. అందరూ నవ్వారు. ఆవిడ అడిగిన టీ తేవడానికి నేను లేచాను.

నా ఫోన్ ఎప్పుడూ వంటింటి గూట్లోనే ఉంటుంది. నేను తిరిగేదంతా వాచీలో, అంటే ఆయన ఖాతాలో పడుతుంది. కాబట్టి ఆ యాప్ దృష్టిలో నేను కదలనే కదలను. రోజూ సాయంత్రం గూట్లోంచి ఒక చిన్నపిల్ల గొంతు, “ఈ రోజు మీరు చాలాసేపు కూర్చునే ఉన్నారు, కొంచెం లేచి నడవండి” అని ముద్దుగా మందలించేది. నేనప్పుడు ఆయన కాళ్ళు పడుతుండేదాన్ని.

“అమ్మా, నీదంతా ఎర్రగానే చూపిస్తోంది. నాన్నని చూసైనా నేర్చుకోవచ్చుగా” అని అమ్మాయి ఫోన్ చేస్తే, మధ్యలో ఆయనే ఫోన్ అందుకుని, “మీ అమ్మకి ఎంత చెప్పినా అంతేనమ్మా, ఒళ్ళు కదల్చదు” అన్నారు. వాచీ అప్పుడు నా చేతికే ఉంది. ఫోన్ పెట్టేశాక నా వైపు చూడకుండా, “పిల్లలకి చెప్పకు. పరువు పోతుంది” అన్నారు. ఎవరి పరువు అని నేను అడగలేదు. అడగనివి చాలా ఉన్నాయి నా దగ్గర, ఇది వాటిలో చిన్నది.

ఒంట్లో బాగాలేదని నేను ఎప్పుడు ఏది చెప్పినా జవాబు ఒక్కటే. మోకాలికి బరువు. నడుముకి బరువు. చెవిపోటని వెళ్తే మా పాత డాక్టరు చెవిలోకి చూడకముందే తూకం ఎక్కమన్నాడు. కొన్ని నెలలుగా మేడ మెట్లెక్కుతుంటే గుండె లయ తప్పుతోంది. గుప్పిట్లో ఇరుక్కున్న పిట్ట తన్నుకున్నట్టు కొట్టుకుని, ఉన్నట్టుండి ఆగినట్టయి, మళ్ళీ మొదలవుతుంది. బకెట్టు కింద పెట్టి గోడ పట్టుకుని నిలబడతాను. ఆయనకి చెప్పాను. “తగ్గు, అదే పోతుంది” అన్నారు. తగ్గాను. రాత్రిపూట తినడం మానేసి, బట్టలన్నీ కుట్లు బిగించుకునేటంత తగ్గాను. పిట్ట పోలేదు. మళ్ళీ చెప్పాను. “తగ్గేటప్పుడు అలాగే ఉంటుందిలే” అన్నారు. లావుగా ఉంటే లావు వల్ల, తగ్గితే తగ్గడం వల్ల. నా ఒంట్లో బరువు తప్ప ఇంకో అవయవం ఉందని ఎవరికీ తోచదు.

నిన్న మధ్యాహ్నం పొయ్యి గట్టు తుడిచి పీట మీద కూలబడ్డాను. పిట్ట మొదలైంది. కళ్ళు మూసుకుని అది ఆగేదాకా కూర్చుందామనుకున్నాను. అంతలో హాల్లోంచి ఆయన కేక. ఫోన్లో ఎర్రగా వచ్చింది, గుండె లయ సరిగా లేదు, డాక్టర్ని కలవండి అని. ఆయన చెయ్యి అప్పటికే ఛాతీ మీద ఉంది. ముఖం పాలిపోయింది, నుదుటి మీద నిజంగానే చెమట. నేను నీళ్ళు తెచ్చాను, గుండీలు విప్పాను, వీపు నిమిరాను, అమ్మాయికి ఫోన్ చేశాను. ఇవన్నీ ఆ వాచీ ఉన్న చేత్తోనే చేశాను. అమ్మాయి వచ్చేలోపు “ఏదీ, అది ఇలా ఇవ్వు” అని తీసుకుని ఆయన పెట్టుకున్నారు. అప్పుడు కూడా నాకు తట్టలేదు. ఆయనకేదో అయిందంటే నా బుర్ర తన పని మానేసి కాళ్ళకి పని చెబుతుంది. ఇన్నేళ్ళుగా దానికి నేర్పింది అదే.

ఇవాళ పొద్దున్నే గుండె డాక్టరు. అమ్మాయి సెలవు పెట్టింది, డ్రైవర్ని పెట్టి కారు తెచ్చింది, దారంతా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆయన్ని ఎవరూ తూకం ఎక్కమనలేదు. ఆయన పొట్ట చొక్కా గుండీల మధ్య నుంచి బయటికి చూస్తూనే ఉంది, దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఒళ్ళోవి జారిపోకుండా సర్దుతూ, అలవాటుగా వాచీ నా చేతికి పెట్టేసుకున్నాను. పట్టీ దానంతటదే పాత రంధ్రం దగ్గర ఆగింది. ఆ రంధ్రం అంచులు సాగి, సబ్బు నీళ్ళకి తెల్లబడి ఉన్నాయి. ఆయన చేతికి సరిపోయే రంధ్రం ఇంకా అవతల ఉంది, కొత్తగా, నల్లగా. నేను ఆ సాగిన చిల్లుని చూస్తూ ఉండిపోయాను.

నిన్న మధ్యాహ్నం ఇది ఎవరి చేతికి ఉంది?

ముందు భయమేసింది. కానీ భయం ఎంతోసేపు భయంగా ఉండలేదు. నెలల తరబడి నేను నా నోటితో చెప్పిందే కదా ఆ వాచీ చెప్పింది. ఒక్క ముక్క కూడా ఎక్కువ చెప్పలేదు. ఆయన పేరు మీద వస్తే అది గుండె. నా నోట్లోంచి వస్తే కొవ్వు. దీనికి సెలవులు, కార్లు, కన్నీళ్ళు. దానికి, తగ్గు, అదే పోతుంది. అక్కడే లేచి అరవాలనిపించింది, ఎవరి మీద అరవాలో తెలియలేదు. అందరి కంటే ముందు, నిన్న నీళ్ళగ్లాసు పట్టుకుని పరుగెత్తిన నా మీద.

“నాన్న వాచీ నీకెందుకమ్మా, పాడవుతుంది” అంది అమ్మాయి. విప్పి ఆయన చొక్కా జేబులో పెట్టాను. అమ్మాయి వైపు తిరిగి చెప్పబోయాను. అంతలో లోపలికి రమ్మని పిలిచారు.

డాక్టరమ్మ మా అమ్మాయి ఈడుదే. ఆయన పరీక్ష మంచం మీద నుంచి దిగుతున్నారు. చొక్కా అందించి కుర్చీలో కూర్చున్నాను.

“అన్ని పరీక్షలూ చేశామండీ. మీ గుండె శుభ్రంగా ఉంది” అంది డాక్టరమ్మ. అమ్మాయి రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. డాక్టరమ్మ ఆయన ఫోన్ ఇంకా చూస్తోంది. “అదే నాకర్థం కానిది. ఇందులో తేడా స్పష్టంగా ఉంది. నిన్నొక్క రోజే కాదు, అంతకు ముందు కూడా. ఈ వాచీ ఎప్పుడూ మీరే పెట్టుకుంటారా?”

ఆయన నా వైపు చూశారు. ఒక్క క్షణమే. కానీ ఇన్నేళ్ళు చూసిన ముఖం, అందులో ఏం దొర్లిందో నాకు తెలియకుండా ఉంటుందా. ఆయనకి అర్థమైంది. మొత్తం అర్థమైంది.

“నేనేనండీ. స్నానానికి తప్ప తియ్యను” అన్నారు.

“అయితే వాచీలోనే లోపం అయ్యుంటుంది. ఈ హెచ్చరికలు ఆపేయమంటారా, ఊరికే హడలిపోకుండా?”

“పుణ్యముంటుంది, ఆపేయండి. నిన్న నా ప్రాణం తీసిందనుకోండి” అని గట్టిగా నవ్వారు. “నాదేముంది గానీ, మా ఆవిడకి చెప్పండి కాస్త. ఒళ్ళు తగ్గించమంటే వినదు.”

డాక్టరమ్మ మర్యాదగా నన్ను చూసి నవ్వింది. ఆమె బొటనవేలు ఫోన్ మీద ఉంది. అది ఒక్కసారి కిందికి దిగితే నా గుండె వాచీలో లోపం అయిపోతుంది. నేను ఆయన కోసం ఆగాను. మొదటి గుండీ పెట్టుకున్నారు. రెండోది పెట్టుకున్నారు. ఇప్పుడు చెబుతారు, ఇంటి సంగతి వేరు, ఇది ప్రాణం సంగతి, అనుకున్నాను. కాలరు సర్దుకున్నారు. “పద, ఆకలేస్తోంది” అన్నారు.

“ఆపకమ్మా” అన్నాను డాక్టరమ్మతో. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “ఆ వాచీ నా చేతికి ఉంటుంది. నిన్న కూడా నా చేతికే ఉంది. ఆ నడకంతా నాదే.”

అమ్మాయి ముఖం మీద నుంచి చేతులు తీసింది. “అమ్మా?” అంది.

“దానికేం తెలుసండీ, నిన్నటి నుంచి కంగారులో ఉంది” అన్నారు ఆయన. అప్పటికే తలుపు దగ్గరికి వెళ్ళి, ఒక చేత్తో దాన్ని తెరిచి పట్టుకున్నారు. “ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం రా. బయట ఎంతమంది కూర్చున్నారో చూడు.”

లేచాను. డాక్టరమ్మ వేలు ఫోన్ మీద నుంచి పైకి లేచింది, ఆమె నన్నే చూస్తోంది. గోడ పక్కన మంచం మీద దుప్పటి ఆయన పడుకున్న మేర నలిగి ఉంది. దాన్ని అరచేత్తో ఒకసారి సరిచేసి, చెప్పులు విడిచి, మంచమెక్కి పడుకున్నాను.