ఎర్రగీత రాని మూడు నెలలు

గాలయ్య చెప్పిన మాటల్లో నాలుగో వంతు నమ్మితే చాలని మెదక్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. ఘనపురం కాలువ మీద లస్కరుగా ముప్పై ఏళ్లు తూములు ఎత్తి దించిన మనిషి. ఆ ముప్పై ఏళ్లలో కాలువలో నీళ్ల కంటే ఆయన నోట కథలే ఎక్కువ పారాయి.

రాందాస్ చౌరస్తా దగ్గర పరమేశ్‌కు కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. రెండేళ్ల కిందట పింఛను కాగితం పనిమీద అక్కడికి వెళ్లిన గాలయ్య, తెరమీది తెలుగు చదివి పడీపడీ నవ్వాడు.

"ఇది తెలుగారా పరమేశా? నీళ్లు మింగి పైకి తేలినోడు మాట్లాడినట్టున్నది."

"అయితే నువ్వే రాయి కాకా," అన్నాడు పరమేశ్. "ఇది అందరికి ముఫ్త్‌గ ఇచ్చే సిస్టం. అందరు కలిసి చేసేదే. దీంట్ల వేలకొద్ది ప్యాకేజీలున్నయి. ఆటలు, పాటలు, లెక్కలు. ఒక్కోటి ఏం పని చేస్తదో ఇంగ్లీషుల నాలుగు ముక్కలు రాసి ఉంటది. అర్థం నేను చెప్త, తెలుగు నువ్వు రాయి."

అలా ఆయనకు ఆ పిచ్చి అంటుకుంది. ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. రాసినవాడు తన రాతకు తానే ఓకే కొట్టుకోకూడదు. మరో ఇద్దరు చదివి ఓకే అనాలి. తప్పుంటే ఎర్రగీత కొట్టి దిద్దాలి. పక్కన మాట రాసుకోవడానికి చిన్న డబ్బా ఉంటుంది. ఇద్దరి ఓకేలూ పడితే పచ్చ టిక్కు వస్తుంది, కింద ఓకే కొట్టినవాళ్ల పేర్లతో ఆ రాత లోకం మీద పడుతుంది.

తెలుగుకు ఉన్నది ముగ్గురే. గాలయ్య, పరమేశ్, కుల్చారం నుంచి లలితమ్మ. పరమేశ్ ఓకేను లెక్కలోకి తీసుకోనక్కర లేదు. చేతిలో స్క్రూడ్రైవర్ వదలకుండా మోచేత్తో కొట్టే రకం. లలితమ్మ అట్లా కాదు. ముప్పై రెండేళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరైన టీచరు. గాలయ్య చదువు ఏడో తరగతిలో ఎక్కడ ఆగిందో, సరిగ్గా అక్కడి నుంచి ఆమె మళ్లీ మొదలుపెట్టించింది.

పెద్ద ఫైళ్లను చిన్నగా కుదించే ప్రోగ్రాం ఒకటి వచ్చింది. "ఏనుగును అగ్గిపెట్టెలో పెట్టి ఇస్తుంది" అని రాశాడు గాలయ్య. ఆమె ఎర్రగీత కొట్టి, డబ్బాలో అడిగింది: "ఏనుగు సరే, అగ్గిపుల్లలు ఏడ పెట్టాలె?"

ఊరుకుంటాడా! "మంజీరల మొసలి మీద కూసొని ఏడుపాయల జాతరకు పోయినోన్ని టీచరమ్మా. నాకు ఏనుగు ఒక లెక్కనా?"

"టికెట్ తీసుకున్నరా, మొసలికి పాసు ఉండెనా?"

ఆ మాటకు గాలయ్య రెండు రోజులు ఒక్కడే నవ్వుకుంటూ తిరిగాడు. ఇంట్లో ఆయన నవ్వు విని ఎందుకని అడిగే మనిషి పోయి అప్పటికే తొమ్మిదేళ్లు.

ఆమెను ఆయన ఎన్నడూ చూడలేదు. కుల్చారం బస్సెక్కితే గంట కూడా పట్టదు. కానీ మొసలి ఎక్కి తిరిగినవాడు బస్సు దిగితే ఏం మర్యాద?

ఒకనాడు ఆమె, "ఒక్కసారి తప్పు లేకుంట రాసి సూపియ్యుండ్రి సార్, సూస్త," అని రాసింది. గాలయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. నిఘంటువు కొన్నాడు. ఒక్కో వాక్యాన్ని పదిసార్లు చదివి, చెరిపి, మళ్లీ రాశాడు. ఏనుగులు పోయాయి, మొసళ్లు పోయాయి. ఎర్రగీతలు పదయ్యాయి, మూడయ్యాయి, ఒకటయింది. ఒక్కటీ లేని రోజున ఆమె "శెభాష్" అంది.

అదే ఆఖరి మాట. ఆ తర్వాత మూడు నెలలుగా డబ్బా ఖాళీ. పొద్దున పంపితే సాయంత్రానికి ఉత్త పచ్చ టిక్కు. బడి ఎగ్గొట్టాలనుకున్న రోజునే పంతులు రాకపోతే పిల్లవాడికి సంతోషం. గాలయ్య రోజూ పలక పట్టుకుని వెళ్లి గుమ్మంలో నిలబడుతున్నాడాయె.

"ఓకేలు వస్తున్నయి గద కాకా, ఇంకేం గావాలె?" అనేవాడు పరమేశ్.

"నీకు తెల్వదు తియ్యి."

ఉండబట్టలేక ఒకరోజు ఆయన పాతబుద్ధి చూపించాడు. వానా ఎండా ముందుగా చెప్పే ప్రోగ్రాం అది. నాలుగు వాక్యాలు ముత్యాల్లా రాసి, ఐదోది సొంతంగా కలిపాడు: "వాన సూచన ఉన్న రోజున కంప్యూటరు కింద బకెట్ పెట్టుకోవలెను, మెదక్ జిల్లావారు రెండు పెట్టుకోవలెను."

పరమేశ్ మోచెయ్యి ఆడింది. ఇక ఆమె వంతు. ఇది చూసి కూడా పలకలేదంటే ఆమె లలితమ్మే కాదనుకున్నాడు గాలయ్య. ఆ రోజు చాయ్‌కి కూడా లేవలేదు.

సాయంత్రం పచ్చ టిక్కు పడింది. డబ్బాలో ఒక్క అక్షరం లేదు.

అప్పుడు గాని పరమేశ్ ఆ రాత చదవలేదు. "కాకా! గిది నిజంగనే పోయింది! జనం సదువుతరు!"

గాలయ్యకు జనం గుర్తుకు రాలేదు. ఆమె చదవడం లేదు.

మర్నాడు పొద్దున్నే కుల్చారం బస్సెక్కాడు. టీచరమ్మ ఇల్లనగానే చూపించారు. వాకిట్లో ఒక సన్నటి మనిషి కళ్లద్దాలు పెట్టుకుని చేటలో కందులు చెరుగుతోంది.

"ఎవరు గావాలె?"

"గాలయ్యను. మెదక్ కెల్లి వచ్చిన."

చేట ఆగింది. ఆమె ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. "మొసలిని ఏడ కట్టేసిండ్రు?"

"బస్టాండుల ఉన్నది. కండక్టర్‌తోని పంచాయితి."

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వు ఆయన రెండేళ్లుగా ఊహించుకున్నంత సన్నంగా లేదు, కాస్త బొంగురు. అదే బాగుందనిపించింది. ఆమె చాయ్ తెచ్చి ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"మంచిగ రాస్తున్నరు సార్. మొదలు ఒక నెల అక్షరమక్షరం సూసిన, ఒక్క తప్పు దొరకలే. ఇగ సూసుడు బంద్ పెట్టిన. నేర్చినోళ్ల నోట్సు మల్ల మల్ల దిద్దుతే టీచరుకే నామోషి గద." ఆమె చాయ్ గ్లాసును చేతిలో తిప్పింది. "కాని సాయంత్రం పూట ఏం తోస్తలేదు. గా ఏనుగు ఉన్నప్పుడే మంచిగుండె."

ఇక్కడ నోరు మూసుకుంటే గాలయ్యకు ఏ లోటూ లేదు. పై వారం మళ్లీ రావచ్చు, ఇంకో చాయ్ తాగవచ్చు. జీవితంలో ఆయన వెయ్యి అబద్ధాలు చెప్పాడు. కానీ అవన్నీ ఎదుటివాళ్లు అబద్ధమని తెలిసి విన్నవి. ఈ ఒక్కదానికే ఆమె ఆయన్ని నమ్మి, చదవకుండా ఓకే కొట్టింది.

"నిన్నటిది మీరు చదవలే, టీచరమ్మా," అని బకెట్ల సంగతి మొత్తం చెప్పేశాడు.

ఆమె నవ్వలేదు. "రెండు బకెట్లా?"

"రెండు."

"దాని కింద నా పేరున్నది గద?"

"ఉన్నది. మీరు సూస్తరని, సూసి ఏదన్న అంటరని..."

"ముప్పై రెండేండ్లు, సదువకుంట ఒక్క పేపరు మీద టిక్కు పెట్టలే సార్. ఒక్కటంటే ఒక్కటి." ఆమె గొంతులో కోపం కంటే సిగ్గే ఎక్కువుంది. చేట అందుకుంది. "బస్సు టైమైతున్నది. పోండ్రి."

తిరుగు బస్సులో పక్కసీటు మనిషి పలకరించినా గాలయ్య దగ్గర చెప్పడానికి ఒక్క కథ లేదు.

తెల్లవారి పరమేశ్ షట్టర్ ఎత్తకముందే వచ్చి మెట్టుమీద కూర్చున్నాడు. తెర వెలిగింది. రెండు నెలలుగా పచ్చగా ఉన్న రాతలన్నీ, ఆమె తన ఓకే వెనక్కి తీసుకోవడంతో, మళ్లీ తెరిచి ఉన్నాయి. బకెట్ల వాక్యం మీద అడ్డంగా ఎర్రగీత. ఆమె ఇప్పుడు మొదటి నుంచి ఒక్కోటీ చదువుకుంటూ వస్తోంది. ఇక్కడ మాట బిగుసుకుందని ఒక గీత, అక్కడ వాక్యం ఊపిరాడకుండా ఉందని ఇంకో గీత. తప్పులు లేవనుకున్న చోటల్లా ఎరుపే. డబ్బా మాత్రం ఖాళీ.

గాలయ్య అందులో ఒక చమత్కారం కొట్టాడు, చెరిపాడు. ఇంకోటి కొట్టాడు, అదీ చెరిపాడు. చివరికి "తప్పయింది టీచరమ్మా" అని పంపాడు. జవాబు రాలేదు. ఎర్రగీతలు మాత్రం ఆగలేదు. పంతొమ్మిదో రాత దాకా వచ్చి, ఒంటిగంటకు ఆగాయి.

"ఇంటికి పోయి తినిరా కాకా," అన్నాడు పరమేశ్.

"ఆమె ఇప్పుడు బువ్వకు లేసినట్టుంది. తిన్నంక ఇరవయ్యోది సూస్తది."

"సూడకపోతే?"

గాలయ్య కుర్చీని తెర దగ్గరికి జరుపుకున్నాడు.