ఏడో నమూనాలో బుడగలు

నేను ఒక ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును. జపానులో తయారై, ఓడెక్కి వచ్చి, హైదరాబాదులో ఒక వైరస్ పరిశోధనశాలలో చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు మెట్ల పక్కన ప్రదర్శనకు నిలబెట్టారు. తమకు కావలసింది కనబడితే మనుషులు నన్ను మెచ్చుకునేవారు. కనబడకపోతే నాకు మరమ్మతు కావాలనేవారు.

ప్రయోగశాల పెద్ద భానోజీరావు గారైతే కనబడినా నమ్మేవారు కాదు. వెనకటికి ఒక శిష్యుడు ఫొటోలు దిద్ది ఆయన పేరు పాడుచేశాడు. అప్పటినుంచి ఎవరు ఫొటో తెచ్చినా భూతద్దం పెట్టి అంచులు వెతికేవారు.

అలాంటాయన దగ్గర జనగామ పిల్ల సువర్చల పరిశోధనకు చేరింది. వైరస్ సోకిన కణాలను పలచగా కోసి నాలో పెట్టేది. ఒకరోజు తెర మీద రెండు పొరల బుడగలు గుంపులుగా కనిపించాయి.

"సార్, వైరస్ కణం లోపలి పొరనే వంచి బుడగలు చేసుకుంటున్నది. కణం కాపలాకు దొరకకుండ అండ్లనే దాక్కొని, తన జన్యువుకు నకళ్లు తీస్తున్నదని నా అనుమానం."

"నా అనుమానం వైరస్ మీద కాదమ్మా. రసాయనాల్లో నానినా పొర ముడుచుకుని బుడగలు కడతాది. లేపోతే..." ఆయన మిగతా మాట మింగేశారు. సువర్చల మొహం కందిపోయింది.

ఆ వారమే ఆయన పది నమూనాలు స్వయంగా తయారుచేసి, అంకెలు మాత్రం వేసి ఇచ్చారు. ఐదింటిలో వైరస్ పెట్టారు, ఐదింటిలో పెట్టలేదు. ఏది ఏదో ఆయన జేబులోని కాగితానికే తెలుసు. తప్పు చెబితే ఆమె థీసిస్ అక్కడితో ఆగిపోతుంది.

సువర్చల ఆరింటిలో బుడగలున్నాయంది. ఆయన కాగితం విప్పారు.

"ఏడోది వైరస్ లేనిది. ఏటమ్మా ఇది?"

నన్ను నేనే అనుమానించుకున్నాను. ఆమె మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. "ఏడోదాంట్ల మిగిలిన కణాలను పరీక్షకు పంపుండ్రి సార్. నేను చూసిందే చెప్పిన."

ఏడో నమూనాలో వైరస్ ఉందని రిపోర్టు వచ్చింది. ఆయన దాన్నీ నమ్మక మళ్లీ పరీక్ష చేయించారు. అదే జవాబు. తయారుచేసేటప్పుడు ఆయన చేతిలోనే వైరస్ కలిసిపోయిందన్నమాట.

"థీసిస్ రాసుకో తల్లీ," అన్నారు నెమ్మదిగా.

"ముందు నన్ను ఏమనుకున్నరో చెప్పుండ్రి సార్."

"దొంగవనుకున్నాను."

సువర్చల కళ్లు తుడుచుకుని లేచింది. కుర్చీ ఆయన వైపు జరిపింది. "కూసోండ్రి. ఈసారి మీరే చూడుండ్రి."

ఆయన కూర్చున్నారు. భూతద్దం బయటికి తీయలేదు.

"ఎన్నున్నాయమ్మా!" అన్నారు.