పదహారు రోజులెటు పోయినయ్

దిలీప్ నవ్వు ముఖం రుక్మిణికి మొదటి రోజే నచ్చలేదు. ఊరికే నవ్వేవాడి కడుపులో ఏదో మతలబు ఉంటుందని ఆమె గట్టి నమ్మకం. పైగా కంప్యూటర్ పనికి కొత్తగా కుదిరిన అతను జనగామ ఆఫీసులో అడుగు పెడుతూనే రాంచందర్ సేటుతో అన్న మాట ఆమె చెవిన పడింది.

"కొత్త సాఫ్ట్‌వేర్ల అంత దానంతటదే నడుస్తది సేటూ. కూసొని రాసే మనిషి అక్కర్లే."

కూసొని రాసే మనిషి అంటే ఇంకెవరు, రుక్మిణే! సేటు గోదాములు కట్టించే కాంట్రాక్టరు. పెద్దవంగరలో ఒకటి, పాలకుర్తిలో ఒకటి, మొగుళ్లపల్లిలో ఒకటి లేస్తున్నాయి. ఏ రోజు ఏ పని జరగాలో, అందులో ఏది జరిగిందో నాలుగేళ్లుగా కంప్యూటర్లోకి ఎక్కించేది ఆమె. సాయంత్రం కాగానే మేస్త్రీలు ఫోన్లో చెబుతారు, ఆమె రాస్తుంది. జ్వరంలో కూడా ఒక్క రోజు తప్పలేదు. అలాంటి పనిని ఎవడో వచ్చి ఒక్క నొక్కుతో మార్చేస్తానంటే ఒళ్లు మండదా?

అందుకే ఆ పని లెక్కల ఫైళ్లను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చడానికి ముందు రోజు, ఎవరికీ చెప్పకుండా, పెద్దవంగర ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తన టిఫిన్ సంచీ అడుగున దాచింది. గోడ క్యాలెండర్ మూలన పెన్సిల్‌తో రాసుకుంది కూడా: పెద్దవంగర, జరిగిన పని నూట పన్నెండు రోజులు.

మర్నాడు పదకొండింటికి దిలీప్ "పెద్దవంగర అయిపోయిందక్కా" అని కుర్చీ వెనక్కి జరిపాడు. రుక్మిణి వంగి చూసింది. జరిగిన పని తొంభై ఆరు రోజులు! ఆమె అనుకున్నంతా అయింది.

"తమ్మీ, పదహారు రోజులెటు పోయినయ్?"

దిలీప్ నవ్వు ఆగిపోయింది. అటు నొక్కాడు, ఇటు నొక్కాడు. "ఏమో అక్కా. పాతదాంట్ల ఎవరన్న ఎక్కువ రాసిన్రేమో."

రుక్మిణికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరన్నా అట! రాసేది ఆమె ఒక్కతేనాయె. "ఏందీ? నేను దొంగ పని రాసిన్నా? నీ కొత్త డబ్బా మింగితే, నా మీద పెడ్తున్నవా?"

ఆ కేకలకు లోపలి గదిలోంచి సేటు వచ్చాడు. ఆయన అరిచే మనిషి కాదు. మెల్లగా మాట్లాడతాడు, అదే భయం. ఇద్దరి మాటా విని అన్నాడు, "రెండు లెక్కలున్నయంటే ఒకటి అబద్ధమే. అదేదో సాయంత్రం దాంక నాకు తెల్వాలె. రుక్మిణీ, నీ రాత తప్పయితే రేపటి సంది నువ్వు రాకు. దిలీప్, నువ్వు చెడగొడ్తే నువ్వు రాకు. గంతే."

దిలీప్ గొంతు తగ్గించి అడిగాడు, "అక్కా, పాత ఫైలు కాపీ నీ దగ్గరేమన్న ఉన్నదా? మార్చేటప్పుడు కొత్తది పాతదాని మీదనే ఎక్కి కూసున్నది. ముందుగాల ఒకటి తీసి పెట్టుకోవాల్సింది, మరిచిన."

ఆహా, మరిచాడట! మిగిలిన ఆ ఒక్కటీ చేతికి చిక్కితే దాన్నీ తుడిచేస్తాడు, అదీ మతలబు. సాయంత్రం వీడు పూర్తిగా మునిగాక తీసి సేటు చేతికే ఇస్తాను, అనుకుంది రుక్మిణి.

"లేదు."

"నిజంగ లేదా?" అన్నాడు సేటు.

"లేదు సేటూ. నాలుగేండ్లల్ల మీకెన్నడన్న అబద్ధం చెప్పిన్నా?" అంది, కాలితో సంచీని బల్ల కిందికి నెడుతూ.

మధ్యాహ్నం దిలీప్ తినడానికి లేవలేదు. సంచీ తీస్తే గుట్టు బయటపడుతుందని రుక్మిణీ తినలేదు. మూడింటికి ఆకలి, కోపం కలిసి నెత్తి పగిలిపోతుంటే పెద్దవంగరలో గోడలు కట్టే సుతారి మేస్త్రికి ఫోన్ చేసింది.

"పోశాలన్నా, పని షురూ అయినంక నువ్వెన్ని రోజులు చేసినవే?"

"ఎన్నంటే ఏం జెప్పాలె చెల్లే? అమాస తప్ప రోజూ చేసిన. నాలుగు అమాసలు పోయినయ్."

"అయితారం గూడనా?"

"అయితారానికేమయింది? సుతారోల్లకు సెలవంటే అమాసనే గదా. కొత్తగ అడుగుతవేంది!"

రుక్మిణి గోడ క్యాలెండర్ వైపు చూసింది. తర్వాత తెర వైపు చూసింది. పని మొదలైన నాటి నుంచి ఆదివారాలన్నీ సెలవన్నట్టు బూడిద రంగులో ఉన్నాయి. వేలు పెట్టి లెక్కపెట్టింది. సరిగ్గా పదహారు. అమావాస్య రోజులేమో పని మానేసినట్టు ఎర్రగా కనిపిస్తున్నాయి. పాత సాఫ్ట్‌వేర్‌లో ఆదివారం పని రోజు, అమావాస్య సెలవు. నాలుగేళ్ల కింద అలా పెట్టింది తనే. పెట్టి మరిచిపోయింది.

"తమ్మీ, నీ దాంట్ల అయితారం సెలవు పెట్టినవా?"

"నేను పెట్టేదేంది, దానికదే ఉంటది. సెలవు నాడు పని కనిపిస్తే తీసేస్తది..." దిలీప్ సగంలో ఆగి నెత్తి కొట్టుకున్నాడు. "థూ! మా మహబూబాబాద్ మామ గూడ సుతారే గదక్కా! అమాస సంగతి ఎట్ల మరిచిన?"

సెలవులు మార్చడం నిమిషం పని. కానీ ఆ పదహారు రోజుల్లో ఏ పని ఎంత అయిందో రాసిన రాత తిరిగి రాదు. కాపీ ఉంటే తప్ప. ఆ మాట చెప్పి దిలీప్ లేచి చొక్కా సర్దుకున్నాడు.

"నీ రాతల తప్పు లేదక్కా. పొద్దుగాల ఊరికె నోరు జారిన, ఏమనుకోకు. కాపీ తీయంది నేను. సేటుకు నేనే చెప్త."

రుక్మిణి ఊరుకుంటే చాలు. ఆమె ఉద్యోగం ఆమెకుంటుంది, నిజాయితీ గల మనిషన్న పేరూ ఉంటుంది. దిలీప్ రేపటి నుంచి రాడు. పొద్దున్నుంచి ఆమె కోరుకున్నది అదే కదా! కానీ పస్తుతో పీక్కుపోయిన ఆ ముఖం చూస్తుంటే ఆమెకు సిగ్గేసింది. తన మీద తనకే అసహ్యం పుట్టింది. సంచీ లాగి, టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, అతనికంటే ముందే సేటు గదిలోకి నడిచింది.

సేటు తలెత్తాడు. "తేలిందా? ఏది అబద్ధం?"

రుక్మిణి పెన్‌డ్రైవ్‌ను ఆయన బల్ల మీద పెట్టింది.

"రెండు లెక్కలల్ల ఏదీ అబద్ధం కాదు సేటూ. పొద్దుగాల కాపీ లేదన్న గదా, గదే అబద్ధం."