బాగా ఏడ్చినవాడికి ఓటు

సాల్కిన్ మొగుడు జుమాకడిర్ ఏట్లో పడి పోయి ఏడాది కావస్తోంది. వంతెన చెక్క కుళ్ళి గుర్రం కాలు దిగబడింది. గుర్రమూ మనిషీ కలిసే కొట్టుకుపోయారు. ఆ వంతెన బాగుచేయిస్తానని డేగ పార్టీ బెర్దికోజో రెండుసార్లు గెలిచి, రెండుసార్లూ రాజధానికి పోయి హాయిగా కూర్చున్నాడు. ఇప్పుడు సిగ్గు లేకుండా మూడోసారి నిలబడ్డాడు.

కోడలు నుర్జామల్‌కి మంచు పడే రోజుల్లో పురుడు. ఆస్పత్రి ఏటికి అవతల ఉంది. అంచున మంచు కట్టాక ఏ గుర్రమూ నీళ్ళలో దిగదు. ఈలోపు వంతెన పడాలి, సాల్కిన్ కోరిక అంతే. పక్కలోయలో వంతెన కట్టించి చూపించిన రెండో పార్టీ మనిషికి ఓటెయ్యమని ఇల్లిల్లూ తిరిగింది. అతను మన వంశం కాదు గదా అని గొణిగారు. జుమాకడిర్ పేరెత్తేసరికి మాత్రం అందరికీ పౌరుషం పొడుచుకొచ్చింది.

"బెర్దికోజో ఊళ్ళో కాలు పెట్టనీ వదినా, కుక్కల్ని ఉసిగొల్పుతా!" అన్నాడు మరిది సగిన్.

సంవత్సరీకం నాడు బెర్దికోజో రానే వచ్చాడు. వంతెన వైపు తల తిప్పకుండా ఏట్లోంచే గుర్రం దాటించి, "అయ్యో నా అన్నా! నా కొండా!" అని దూరం నుంచే గొంతెత్తాడు. అయినవాళ్ళు అలా ఏడుస్తూనే రావాలి. బయట ఏడుపు వినబడగానే సంతాపానికి వేసిన గుడారంలో గోడకేసి తిరిగి కూర్చున్న భార్య శోకాలు పెట్టి జవాబివ్వాలి. నోరు మూసుకుంటే చచ్చినవాడికి అవమానం. సాల్కిన్‌కి ఒళ్ళంతా కంపరమెత్తింది. అయినా గొంతు విప్పింది.

"కుళ్ళిన చెక్క మీద నా రౌతు కూలిపోయాడు, మాటిచ్చినవాడు మెత్తటి పరుపు మీద నిద్రపోయాడు, ఎవడి పాపమో ఏటిని అడగండి..."

ఇంకేముంది, కుక్కల్ని వదులుతారనుకుంది. బయట ఏడుపు రెట్టింపయింది. బెర్దికోజో గుర్రం మీంచి జారి సగిన్ మెడ మీద పడ్డాడు. "నా పాపమేరా తమ్ముడూ!" అని బావురుమన్నాడు. సగిన్ కూడా బావురుమన్నాడు. తర్వాత అతన్ని పైవరసలో కూర్చోబెట్టి, పెద్ద అతిథికి పెట్టే గొర్రెతల ముందుంచారు. అతను దాని కన్ను కోసి, "నిన్ను తరచూ చూడాలనుంది," అంటూ సగిన్ నోట్లో పెట్టాడు. సగిన్ దాన్ని కళ్ళు మూసుకుని నమిలాడు.

రెండో పార్టీ మనిషి కూడా వచ్చి వెళ్ళాడు. ఒక మూల కూర్చుని, దూలాల గురించీ సిమెంటు గురించీ మాట్లాడాడు.

"ఏం ఏడ్చాడు వదినా!" అన్నాడు సగిన్ మూతి తుడుచుకుంటూ. "నువ్వూ జవాబిచ్చావు. నువ్వే క్షమించాక మేమెవరం?"

"క్షమించానా? పాటలో వాడి మొహాన ఉమ్మేశాను, వినపడలేదూ?"

"వినే గదా అంతగా ఏడ్చాం! ఆ సిమెంటాయనకి ఒక్క చుక్కైనా రాలిందా? ఎంతైనా డేగ మన పార్టీ వదినా. మా నాన్న కాలం నుంచీ మనదే."

బెర్దికోజో గెలిచాడు. ఊరు ఊరంతా గుద్దేసింది. కొడుకు కుబాన్ తల్లి మొహం చూడకుండా జీను తుడుస్తూ కూర్చున్నాడు.

"నువ్వెవరికి వేశావురా?"

"నాన్న కోసం ఏడ్చినవాడికి వెయ్యకపోతే నలుగురూ ఏమనుకుంటారమ్మా?"

సాల్కిన్‌కి నలుగురి మీద పుట్టిన రోత కన్నకొడుకు మీదా పుట్టింది. జవాబిచ్చిన తన గొంతంటేనే ఆమెకి అసహ్యం వేసింది.

మొదటి మంచు పడింది. విరిగిన వంతెన గుంజకి డేగ జెండా కట్టి ఉంది. కుబాన్ గుర్రాన్ని ఏటి దాకా తోలి చూశాడు. అదిలించినా కొట్టినా అది అడుగు ముందుకు వెయ్యలేదు.

"ఇప్పుడెలా అమ్మా?" అన్నాడు వెనక్కి వచ్చి.

అత్త ఎదుట ఏనాడూ నోరెత్తని నుర్జామల్ పొట్ట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"బెర్దికోజోకి ఫోన్ చెయ్యి," అంది మొగుడితో. "నా కోసం కూడా బాగా ఏడవాలని చెప్పు."

సాల్కిన్ కోడల్ని కసరలేదు. కుబాన్ కళ్ళంబడి నీళ్ళు కారాయి. "ఏడవకు," అందామె. "ఈ ఊళ్ళో చూసినవాళ్ళు నీకూ ఓటేస్తారు."