పంతొమ్మిదో గడి

నరసయ్యకు పాత వస్తువుల మీద ప్రేమ ఎప్పుడు పుట్టిందో బుజ్జమ్మకు తెలియదు. పాత చొక్కా ఎక్కడుందని అడిగినా విసుక్కునే మనిషి. అలాంటివాడు నిన్న సాయంత్రం గురజాల నుంచి వస్తూనే, చెప్పులైనా విడవకుండా, "రేపు మన దొడ్డంతా మిషన్ పెట్టి చూస్తారే," అన్నాడు.

"ఏం మిషను?"

"భూమిలో ఇనుముగానీ రాగిగానీ వెండిగానీ, ఏదున్నా కూస్తదంట. నరసరావుపేట కాలేజీలో ముర్తుజా అని హిస్టరీ లెక్చరరు. మనిల్లు నవాబుల కాలంలో పన్నులు వసూలు చేసే కచేరీ అని పుస్తకాల్లో ఉందంట. ఎమ్మార్వో దగ్గర కాయితం కూడా తెచ్చుకున్నాడు. దొరికినయ్యన్నీ కాలేజీలో అద్దాల బీరువాలో పెట్టి, కింద నా పేరు రాస్తారు."

వెండి అన్న మాట తర్వాత బుజ్జమ్మకు ఇంకేమీ వినపడలేదు.

దొడ్లో తూర్పు గోడ పక్కన పత్తికట్టె కుప్ప ఒకటి ఉంది. పదిహేడేళ్లుగా అక్కడే ఉంది. పొయ్యిలోకి ముందువైపు నుంచి లాగుతుంది, కొత్త కట్టె రాగానే మళ్లీ పేరుస్తుంది. ఆ కాస్త నేల మాత్రం ఎవరి కంటా పడనివ్వదు, ఎవరి కాలూ తగలనివ్వదు. దాని కింద ఆమె మొదటి బిడ్డ ఉంది.

ఆడపిల్ల. నలభై రోజులు బతికింది. పళ్లు రాని పిల్లల్ని ఆ ఇంట్లో శ్మశానానికి తీసుకుపోరు, దొడ్లోనే పూడుస్తారు. గుర్తు పెట్టకూడదు, తర్వాత అడగకూడదు. ఒంటి మీద పిసరంత లోహం కూడా ఉంచకూడదు. ఉంచితే పిల్ల ఆ ఇల్లు వదలదని, తర్వాతి కడుపు నిలవదని అత్తగారు వెంకమ్మ నమ్మకం. ఆ పిల్లకు ఉన్నదల్లా తాతగారు, అంటే బుజ్జమ్మ తండ్రి, చేయించిన వెండి మొలతాడు ఒక్కటే. "తీశావా?" అని వెంకమ్మ వసారాలోంచి అడిగింది. "తీశానత్తా, గూట్లో పెట్టా," అంది బుజ్జమ్మ. తియ్యలేదు. అది కూడా తీసేస్తే పిల్ల మరీ ఏమీ లేనిదాని లాగా పోతుందనిపించింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు.

మూడో రోజు వెంకమ్మ గూట్లో చెయ్యి పెట్టి చూసింది. ఆ గదిలోకి వచ్చిపోయిన బయటి మనిషి మంత్రసాని ఎస్తేరు ఒక్కతే. పదిమందిలో ఆమె చేత కొంగు దులిపించారు. ఊరి బయట పేటలో ఆమె గుడిసె సోదా చేశారు. బుజ్జమ్మ నోరు తెరవలేదు. తెరిస్తే గుంట తవ్వి మొలతాడు తీస్తారు. రేపు చెబుదాం అనుకుంది. రేపు పోయి ఎల్లుండి అయింది, ఎల్లుండి పోయి పదిహేడేళ్లయింది. ఎస్తేరును మళ్లీ ఏ ఇంటివాళ్లూ పురుడు పొయ్యడానికి పిలవలేదు. ఆమె నాపరాళ్ల గనిలో రాళ్లు మోసుకుని బతికింది. ఊరు ఆమెకు మొలతాడు ఎస్తేరని పేరు పెట్టింది. ఇంత జరిగినా బుజ్జమ్మ వేళకు అన్నం తిన్నది, నిద్రపోయింది, తర్వాత కొడుకును కన్నది. వాడికి జ్వరం వచ్చినప్పుడల్లా వెండి గుర్తొచ్చి వణికింది. అంతకు మించి ఆమె పడ్డ శిక్ష ఏమీ లేదు.

నిన్న సాయంత్రమే మొగుడికి చెప్పింది. "తూర్పు గోడ దగ్గర పిల్ల ఉంది. అటు పోవద్దని చెప్పు."

"బావి పక్కనని అమ్మ అంటది గదా."

"అత్త చూడలేక లోపల కూర్చుంది. నువ్వు ఊళ్లోనే లేవు. నాకు తెలుసు."

నరసయ్య కాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచించినప్పుడల్లా ఆమెకు కష్టమే. "అక్కడే ఉందనుకో. ఒంటి మీద లోహం లేకుండా పూడ్చారు గదా? మిషను కూయదు. కూయకపోతే తవ్వరు. భయమేంది నీకు?"

దానికి ఉన్న ఒక్క జవాబూ నోటితో చెప్పగలిగింది కాదు.

పొద్దున ఎనిమిదింటికి ముర్తుజా సారు స్కూటరు మీద దిగాడు. సన్నటి మనిషి, కళ్లజోడు, జేబులో రెండు కలాలు. మిషన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని ఆయన వెనక కూర్చున్నవాణ్ణి చూసి బుజ్జమ్మ వంటింట్లోకి తప్పుకుంది. అతను జక్కయ్య, ఎస్తేరు కొడుకు. బళ్లో పిల్లలు వాళ్లమ్మ పేరు పెట్టి ఏడిపిస్తే పారిపోయి మిలట్రీలో చేరినవాడు. పన్నెండేళ్లు అక్కడ మందుపాతరలు వెతికి, తిరిగొచ్చి, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా ఉంటున్నాడు. సారు హైదరాబాదులో పాత సామాన్ల బజారులో కొన్న మిలట్రీ మిషన్ని నడపడం ఈ చుట్టుపక్కల అతనికే వచ్చట.

వసారాలో నులక మంచం మీద కూర్చున్న వెంకమ్మకు చూపు తగ్గింది గానీ నోరు తగ్గలేదు. "ఎవరా రెండోవాడు?"

"పేట జక్కయ్యమ్మా," అన్నాడు నరసయ్య.

"మొలతాడు ఎస్తేరు కొడుకా? ఒరేయ్ నరసా, దొరికినయ్యి దొరికినట్టు నీ చేతిలో పెట్టుకో."

అందరికీ వినపడేట్టే అంది. జక్కయ్య వంగి మిషన్ పట్టీ బిగించుకున్నాడు.

సారు ముగ్గుపిండితో దొడ్డంతా గడులు గీయించాడు. ఇరవై నాలుగు గడులు. పత్తికట్టె కుప్ప పంతొమ్మిదో గడిలో పడింది. జక్కయ్య భుజానికి పెట్టె తగిలించుకుని, చెవులకు తొడుగులు పెట్టుకుని, పొడుగు కర్రకు బిగించిన పళ్లెం లాంటిదాన్ని నేల మీద బెత్తెడు ఎత్తులో అటూ ఇటూ తిప్పుకుంటూ నడిచాడు. కూత అతని చెవులకే వినపడుతుంది. వినపడగానే ఎడమ చెయ్యి పైకెత్తుతాడు, కూలీలిద్దరూ వచ్చి తవ్వుతారు. బుజ్జమ్మ వంటింటి కిటికీలోంచి ఆ ఎడమ చేతినే చూస్తూ నిలబడింది. పొయ్యి మీద ఉప్మా అడుగంటింది.

మూడో గడిలో గుర్రపు నాడా దొరికింది. ఏడో గడిలో సీసపు తూటాలు. పదకొండో గడిలో పచ్చగా చిలుం పట్టిన రాగి నాణెం. దాని మీది ఫారసీ అక్షరాలు చూసి సారు ఎండలో నిలబడే నవ్వాడు. నరసయ్య అప్పటికే అద్దాల బీరువా కింద నిలబడ్డట్టు రొమ్ము విరుచుకుని తిరుగుతున్నాడు.

పన్నెండు, పదమూడు, పద్నాలుగు. బుజ్జమ్మ రెండుసార్లు కాఫీ ఇచ్చింది. పదిహేనో గడి దగ్గర, "ఎండెక్కింది, భోంచేసి మిగతాది పొద్దు వాటారాక చూసుకోండి," అంది. "ఇంకెంతమ్మా, గంట పని," అన్నాడు సారు మర్యాదగా. పద్దెనిమిదో గడి అవుతుండగా కూలీలు కట్టె కుప్ప మీద చెయ్యి వేశారు.

"అందులో రక్తపింజర ఉంది!" అని అరిచింది బుజ్జమ్మ.

కూలీలు గభాల్న వెనక్కి గెంతారు. నరసయ్య నవ్వాడు. "పొద్దున నువ్వే గదే అందులో కట్టెలు లాక్కొచ్చింది? లాగండ్రా."

లాగేశారు. పదిహేడేళ్ల తర్వాత ఆ నేల ఎండ చూసింది. తెల్లగా, పొడిగా, చెదమట్టితో ఉంది. ఎంత చిన్న చోటో! జక్కయ్య గడిలో ఒక అంచు నుంచి మొదలుపెట్టాడు. బుజ్జమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కూయకూడదు, ఇన్నేళ్లలో అది మట్టిలో కలిసిపోయి ఉండాలి అని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది.

ఎడమ చెయ్యి లేచింది.

అతను పళ్లేన్ని వెనక్కి తెచ్చి మళ్లీ తిప్పాడు. చుట్టూ జరిగి మరోసారి చూశాడు. "చిన్నది సార్, గుండ్రంగా ఉంది. లోతు కూడా లేదు. ఇక్కడ రెండడుగులకే నాపరాయి తగులుద్ది."

"కడియమేమో!" అన్నాడు సారు.

బుజ్జమ్మ అప్పటికే గుమ్మం దాటింది. "తవ్వొద్దు. అక్కడ పిల్ల ఉంది."

నరసయ్య ఓపిగ్గా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "ఏమే, నిన్ననే చెప్పా గదా. పిల్లకి లోహం లేదు. ఇక్కడ కూసింది. అంటే పిల్ల ఇక్కడ లేనట్టే గదా. తవ్వండ్రా."

కూలీ గడ్డపార ఎత్తాడు. బుజ్జమ్మ పరుగెత్తుకెళ్లి ముగ్గు గీతల మధ్య అడ్డం నిలబడింది. నిలబడ్డాక తన పాదాలు ఎక్కడున్నాయో తెలిసి, కాలినట్టు పక్కకు దూకి, గీత అవతల చతికిలబడింది.

"అది నవాబులది కాదు. మా నాయన చేయించిన మొలతాడు. నేను తియ్యలేదు. తీశానని అత్తకి అబద్ధం చెప్పా. ఎస్తేరు తియ్యలేదు. ఎవురూ తియ్యలేదు. పిల్ల ఒంటి మీదే ఉంది."

జక్కయ్య చెవుల తొడుగులు తీశాడు. అతను అంతా విన్నాడో లేదోనని ఆమె తల ఎత్తి చూసింది. విన్నాడు. నరసయ్య పెళ్లాం వంకా కాదు, నేల వంకా కాదు, చేతిలోని గుర్రపు నాడా వంక చూస్తున్నాడు.

"అబద్ధం!" వసారాలోంచి వెంకమ్మ అరిచింది. "గూట్లో పెట్టానని నువ్వే గదే నాతో అంది? వాడు ఎదురుగా ఉన్నాడని ఇప్పుడు మాట మారుస్తన్నావు. తవ్వండ్రా, చూద్దాం. పదిమందిలో నిజం తేలాలి!"

పాపం ముసలామె భయం ముసలామెది. ఇది నిజమైతే పదిహేడేళ్ల కిందట పదిమందిలో కొంగు దులిపించిన పాపం ఆమెదవుతుంది. కూలీలు జక్కయ్య వంక చూశారు. అతను ఊఁ అంటే నాలుగు పోట్లు, అంతే. తల్లి పేరు మీది మచ్చ ఊరందరి ముందు పోతుంది. ఆపమని అడిగే మొహం తనకు లేదని బుజ్జమ్మకు తెలుసు. అయినా చేతులు జోడించింది.

జక్కయ్య కూలీ చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు. ఆమె కళ్లు మూసుకుంది.

పోటు పడలేదు. కళ్లు తెరిచేసరికి గడ్డపార గోడకు ఆనించి ఉంది. "పెద్దమ్మగారిని మంచంతో సహా ఇక్కడికి తీసుకురండి," అంటున్నాడు కూలీలతో.

మంచం గీత పక్కన దించారు. అతను వంగి, తొడుగులు తన చేత్తోనే వెంకమ్మ చెవులకు పెట్టాడు. పేట మనిషి చెయ్యి తగిలితే తలకు పోసుకునే మనిషి ఆమె. ఉలిక్కిపడింది గానీ వద్దనలేకపోయింది. జక్కయ్య పళ్లేన్ని ఆ చోటు మీదకు తెచ్చాడు. వెంకమ్మ తల అటు తిరిగింది. పక్కకు జరిపాడు. మళ్లీ మీదకు తెచ్చాడు.

"కూస్తంది," అంది వెంకమ్మ మెల్లిగా. ఇంకాసేపు విన్నది. "చానా సన్నగా కూస్తందిరా నాయనా. ఇంక ఆపు."

అతను ఆపాడు. ఆమె తొడుగులు తియ్యనివ్వలేదు. చెవుల మీద రెండు చేతులూ పెట్టుకుని, ఏ కూతా లేకపోయినా, చాలాసేపు అలాగే కూర్చుంది. సారు ముగ్గు గీతను చెప్పుతో చెరిపేసి, "ఇంక చాలు నరసయ్య గారూ," అన్నాడు.

"ఎస్తేరు దగ్గరికి నేనే పోవాలి, నడవలేను," అంది వెంకమ్మ చివరికి. "ముందు నువ్వు పోవే."

జక్కయ్య ముందు, బుజ్జమ్మ వెనక. ఊరు మధ్య నుంచి మిట్టమధ్యాహ్నం ఆమె పేట వైపు నడుస్తుంటే అరుగుల మీదివాళ్లు మాటలు ఆపేశారు. ఆమెకు వాళ్ల గొడవ లేదు. ఎలా మొదలుపెట్టాలి, కాళ్లు పట్టుకోవాలా, తిడితే నిలబడి వినాలా, మొహం మీద ఉమ్మేస్తే తుడుచుకోవాలా అని దోవ పొడవునా కూడబలుక్కుంది. జక్కయ్య ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఎస్తేరు చర్చి పక్క, కొడుకు కట్టించిన పెంకుటింటి ముందు చింతపండు గింజ తీస్తోంది. రాళ్లు మోసి వేళ్లు వంకర్లు పోయాయి. బుజ్జమ్మను చూసి లేవబోయింది.

"అమ్మా," అన్నాడు జక్కయ్య. "మొలతాడు దొరికింది. వాళ్ల దొడ్లోనే, పిల్ల దగ్గర. అందరూ విన్నారు. నువ్వు తియ్యలేదని తెలిసిపోయింది."

ఎస్తేరు మొహంలోకి సంతోషం వస్తుందని బుజ్జమ్మ ఎదురుచూసింది. రాలేదు. ముసలి కళ్లు బెదిరిపోయాయి. ఒళ్లోని చింతపండు జారి దుమ్ములో పడింది.

"తవ్వారా?" అని బుజ్జమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "పిల్లని కదిలించారా?"

"లేదు ఎస్తేరూ. తవ్వలేదు. మీవాడు తవ్వనియ్యలేదు."

"నిజంగా?"

"నిజంగా."

ఎస్తేరు హమ్మయ్య అని మళ్లీ కూర్చుంది. బుజ్జమ్మ ఆమె మొహంలోకి చూసింది. "నీకు ముందే తెలుసా?"

"తెలవకేమమ్మా? గుంటలో పడుకోబెట్టింది నేనే గదా. గుడ్డ మీద చెయ్యేస్తే నడుం దగ్గర తగల్లా?"

"మరి ఆ రోజు చెప్పలేదేం? అంతమందిలో... నీ కొంగు..."

ఎస్తేరు దుమ్ములో పడ్డ చింతపండు ఏరుకుంటూ అంది. "చెబితే ఆ పొద్దే తవ్వేవోళ్లు గదా తల్లీ."

జక్కయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. దోవ పొడవునా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటి కూడా బుజ్జమ్మకు గుర్తు రాలేదు. ఆమె నేల మీద ఎస్తేరు పక్కన కూర్చుని, తన పిల్ల పోయిన నాడు ఏడవాల్సిన ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.