చుక్క చిరిగిన చెవి

స్వీటీ కన్ను పడితే ఇక అంతే, చూసింది చూసినట్టు లోపల అచ్చుపడి కూర్చుంటుంది. పేరు చూసి నవ్వకండి. ఆధార్ కార్డులో కూడా స్వీటీయే. పుట్టిన రోజు ఆసుపత్రిలో నర్సమ్మ ముద్దుగా అలా పిలిస్తే, అదే పేరు కాబోలనుకుని తాత బీరయ్య రాయించేశాడు. యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో వాళ్లకు బర్రెల కొట్టం ఉంది. పాలు పితికేది అమ్మ రాజమణి, ఇళ్లకు పోసొచ్చేది నాన్న మహేందర్, అందరి మీదా అరిచేది తాత. స్వీటీ డిగ్రీ చదువుతూ, తీరిక దొరికితే పేడ ఎత్తుతూ ఉండేది.

పెళ్లిళ్లలో ఈ పిల్ల కోసం ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గర ఆడవాళ్లు కాసుకుని ఉండేవారు. కట్నకానుకల సంగతి కాదు, చెప్పుల సంగతి. కుప్పగా పడ్డ చెప్పుల్లో ఎవరివి ఎవరివో స్వీటీ చూడకుండా చెప్పేది. "పిన్నీ, నీయి గోడ పక్కకు, ఒకటి బోర్ల పడ్డది" అనేది. వెళ్లి చూస్తే నిజంగానే ఒకటి బోర్లా పడి ఉండేది. ఎలా చెబుతావని అడిగితే, "ఏమో, కండ్లు మూసుకుంటె కనబడ్తది, సూసి చెప్తున్న" అనేది. అంతకు మించి ఆ పిల్లకే తెలీదు.

పక్కింటి అఖిలకు ఇది పండగే. ఆమె కాలేజీలో సైకాలజీ చదువుతోంది. రకరకాల బొమ్మలున్న కాగితం ఒకటి ఇలా చూపించి అలా లాగేసుకుని ప్రశ్నలు వేసేది. గొడుగు ఏ రంగు? పిల్లి ఎటు చూస్తోంది? స్వీటీ టక్కున చెప్పేసేది. "చిన్నపిల్లల్ల కొందరికి ఉంటదంట గిట్ల. పెద్దయినంక మిగిలెటోళ్లు శానా తక్కువంట. నువ్వెట్ల మిగిలినవే?" అని అఖిల బుగ్గలు నొక్కుకునేది. స్వీటీకి లోపల గర్వంగానే ఉండేది. ఎందుకుండదు చెప్పండి? మార్కులు అంతంతమాత్రం, పాట రాదు, వంట అసలే రాదు. ఉన్నదల్లా ఆ కన్నొక్కటే.

ఇక చుక్క సంగతి. చుక్క అంటే కొట్టంలో పుట్టిన దుడ్డె, అదే, బర్రె దూడ. నుదుటి మీద తెల్లమచ్చ ఉందని ఆ పేరు. పశువుల డాక్టర్లు వచ్చి చెవికి పసుపు బిళ్ల కొట్టి వెళ్తారు కదా, ఆ బిళ్ల కంచెలో ఇరుక్కుని, ఇది బెదిరి లాగేసరికి చెవి చీలిపోయింది. బిళ్ల పోయింది, చీలిక మిగిలింది. స్వీటీకి ఆ దుడ్డె అంటే ప్రాణం. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, తన మొహం, దాని మొహం పక్కపక్కన వచ్చేలా వీడియో తీసుకుంది. అది స్వీటీ చెంప నాకుతుంటే ఈమె కేరింతలు.

బోనాల ఊరేగింపు నాడు పటాకుల మోతకు చుక్క తాడు తెంపుకుని పరిగెత్తింది. ఇంటిల్లిపాదీ వెతికారు. ధూల్‌పేటలో పాలమ్మే తాత దోస్తు బసవయ్య కూడా పనులు మానుకుని వచ్చి, గల్లీ గల్లీ తిరిగి, గొంతు పోయేలా పిలిచాడు. దొరకలేదు. ఆ తర్వాత స్వీటీకి మిగిలింది ఆ వీడియో ఒక్కటే. బస్సులో చూసేది, అన్నం తింటూ చూసేది, ఏడుపు వస్తే చూసేది.

రెండు బోనాలు గడిచాయి. బసవయ్య మనవరాలికి తొట్టెల, అదే, ఉయ్యాల వేడుక చేస్తున్నారంటే అందరూ ధూల్‌పేట వెళ్లారు. భోజనాలయ్యాక చెయ్యి కడుక్కోవడానికి స్వీటీ వెనక్కి వెళ్లింది. కొట్టంలో ఒక పడుచు బర్రె నెమరేస్తూ నిలబడి ఉంది. నుదుటి మీద తెల్లమచ్చ. ఎడమ చెవి చీలి ఉంది.

"చుక్కా!" అని ఆ పిల్ల పెట్టిన కేకకు తొట్టెలలో పాప లేచి ఏడ్చింది.

లొల్లి మొదలైంది. సంతలో కొన్నానని బసవయ్య చెప్పాడు. మచ్చ బర్రె లోకంలో ఒకటే ఉంటుందా, చెవి చీలినవి ఎన్ని లేవు అన్నాడు. మాట వాస్తవమే. దూడగా తప్పిపోయింది, ఇప్పుడు కొమ్ములు తిరిగిన బర్రె. గుర్తుపట్టడానికి మచ్చ, చెవి తప్ప ఏమున్నాయి? చెవి చీలిన మాట ఇంట్లో అందరికీ గుర్తుంది. ఏ చెవి అంటే మాత్రం రాజమణి నోరెళ్లబెట్టింది, మహేందర్ తల గోక్కున్నాడు. వాళ్లను తప్పుపట్టకండి. మీ గల్లీ చివర ఇరానీ హోటల్లో గల్లాపెట్టె లోపలికి వెళ్తుంటే కుడి చేతికా, ఎడమ చేతికా? రోజూ ఛాయ్ తాగే చోటే కదా, చెప్పండి చూద్దాం.

"ఎడమ చెవే. నాకు కనబడ్తుంది" అంది స్వీటీ. స్వీటీ చెప్పాక ఇంకేముంది? "మాతోని తిరిగి ఎతికినట్టు యాక్టింగ్ జేసి, కొట్టంల కట్టేసుకున్నవా కాకా?" అని మహేందర్ చుట్టాలందరి ముందు అనేశాడు. బసవయ్య బీరయ్య వైపు చూశాడు. బీరయ్య చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు.

బర్రెను విప్పి వదిలితే అదే ఇల్లు వెతుక్కుంటుందని ఎవరో సలహా ఇచ్చారు. వదిలారు. అది రోడ్డు మధ్యలో నిలబడి, అటు ఆటోలను ఇటు ఆటోలను ఆపేసి, హాయిగా పేడ వేసింది. ఇక లాభం లేదని ఆదివారం కుల సంఘంలో కూర్చోవడం ఖాయమైంది. అక్కడ సాక్ష్యమంటే మాటలు కాదు. పాలు ముట్టి చెప్పాలి. పాలు ముట్టి అబద్ధమాడితే కొట్టంలో పొదుగులు ఎండిపోతాయని వాళ్ల నమ్మకం. స్వీటీ నోట ఎడమ అని వస్తే బర్రె పోవడం ఒక్కటే కాదు, బసవయ్య దొంగ అవుతాడు. పాలమ్మే ఇంటికి దొంగ పేరు పడ్డాక ఎవరు చెంబు పట్టుకొస్తారు?

శనివారం మధ్యాహ్నం మహేందర్ ఉత్సాహంగా వచ్చాడు. "స్వీటీ, ఆ వీడియోల చెవి కనబడ్తది గద? పెద్దగ టీవీల ఏసి చూపిద్దాం అందరికి."

టీవీలో వేసి చూసుకున్నారు. చుక్క వచ్చింది, ఎడమ చెవి చీలిక స్పష్టంగా ఉంది. మహేందర్ తొడ చరిచి బయటికి పోయాడు. స్వీటీ ఇంకోసారి వేసింది. చిన్న ఫోన్లో ఎప్పుడూ దుడ్డె మొహమే చూసేది. ఇప్పుడు వెనక గడ్డి వేస్తున్న అమ్మ కూడా పెద్దగా కనబడింది. రాజమణి పైట కుడి భుజం మీద ఉంది.

"అమ్మా, నువ్వెప్పుడు గుజరాతీ సేటానివి అయినవే? పైట ఇటెందుకేసినవ్?" అని నవ్వింది స్వీటీ.

"నీ మొహం. నేనెన్నడన్న ఏసిన్నా గట్ల?" అంది రాజమణి వంటింట్లోంచి.

స్వీటీ నవ్వు అక్కడే ఆగిపోయింది. సెల్ఫీ కెమెరాతో తీసింది కదా, ఫోన్ అద్దంలా కుడిని ఎడమ చేసి దాచుకుంది. వీడియోలో ఎడమ చెవి అంటే, చుక్కకు చీలింది కుడి చెవి.

వెంటనే కళ్లు మూసుకుని చుక్కను పిలిచింది. వచ్చింది. ఎడమ చెవితోనే వచ్చింది. నీళ్లు తాగుతున్న చుక్క, పడుకున్న చుక్క, తాడు తెంపుకుని పారిపోతున్న చుక్క. ఆ రోజు ఫోన్ చేతిలో కూడా లేదు! అయినా చీలిక ఎడమకే ఉంది. ఇదేం మాయ? దాన్ని కళ్లారా చూసింది తనే కదా, అప్పుడు కుడి చెవే కదా చూసి ఉండాలి? ఆ చూపంతా ఎటు పోయింది?

పరుగెత్తి అఖిలకు చెప్పింది. అఖిల కళ్లు మెరిశాయి, అంతలోనే ఇది సమయం కాదని సర్దుకుంది.

"యాది అంటే పెట్టెల దాచిన ఫోటో కాదే. యాది చేసుకున్నప్పుడల్లా మల్ల కొత్తగ వండుకుంటం. నువ్వు దుడ్డెను చూసింది కొన్ని నెలలు. వీడియోను ఎన్నిసార్లు చూసినవో నీకే లెక్కలేదు. వండుకున్నప్పుడల్లా వీడియోల చెవి వచ్చి కలిసింది."

"నాకు గూడనా? నాది వేరే కన్ను అంటివి గద!"

"నీకు బొమ్మ సాఫ్‌గ కనబడ్తది, గంతే. సాఫ్‌గ కనబడ్డదల్లా నిజం కావాల్నని ఏం లేదు."

"మరి అసలు బొమ్మ లోపల యాడన్న ఉందా, చెరిగిపోయిందా?"

"గది మా మేడమ్‌ను అడిగినా చెప్పలేదే" అంది అఖిల.

స్వీటీకి ఏడుపు, కుతూహలం రెండూ ఒక్కసారే వచ్చాయి. కొట్టంలోకి వెళ్లి చుక్కను కట్టేసిన గుంజ దగ్గర కూర్చుంది. కళ్లు మోసం చేస్తే చేతులు చెబుతాయేమోనని గాల్లో దాని మెడ కావలించుకున్నట్టు పట్టి, చెవి వెనక గోకి చూసింది. దాని ఊపిరి వేడి గుర్తొచ్చింది, నాలుక గరుకు గుర్తొచ్చింది. చెవి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఎడమే. తన తలకాయలోనే తనకు తెలియని వాళ్లెవరో కూర్చుని బొమ్మలు దిద్దుతున్నట్టు భయం వేసింది.

సాయంత్రం తండ్రికి చెప్పింది. మహేందర్ మొహం మాడిపోయింది.

"చుట్టాలందరి ముంగట అన్న మాట. ఇప్పుడు ఎనక్కి తీసుకుంటె మన ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు. గొంతు తగ్గించాడు. "కండ్లు మూసుకుంటె నీకు ఎడమే కనబడ్తుంది గద బిడ్డా? కనబడేదే చెప్పు. గండ్ల అబద్ధమేముంది?"

అదే కదా చిక్కు! అందులో అబద్ధమే లేదు.

ఆదివారం సంఘం హాలు నిండిపోయింది. కులపెద్ద ఎల్లేష్ గంభీరంగా కుర్చీలో కూర్చున్నాడు. బల్ల మీద స్టీలు గిన్నెలో పాలు. బసవయ్య ఒక్కడే ఒక పక్కన నిలబడ్డాడు. కూర్చోమని కుర్చీ వేసినవాళ్లు కూడా లేరు. అతను మాసిన గడ్డంతో, ఇస్త్రీ లేని చొక్కాతో వచ్చాడు.

"కండ్లు మూసుకుని మంచిగ సోంచాయించి చెప్పు బిడ్డా. ఏ చెవి?" అన్నాడు ఎల్లేష్.

స్వీటీ పాలలో వేళ్లు ముంచి కళ్లు మూసుకుంది. చుక్క వచ్చి నిలబడింది. ఎడమ చెవి, చీలిక, చీలిక అంచున ఎండిన నెత్తురు కూడా కనబడుతోంది. ఇంత స్పష్టంగా కనబడుతుంటే కాదని ఎలా అనడం?

"నాకు ఎడమ చెవే కనబడ్తుంది" అంది. మహేందర్ ఊపిరి వదిలాడు. "కని అది తప్పు పెద్దనాయినా. నా కండ్లు తప్పు చెప్తున్నయి. చుక్కది కుడి చెవి. గది మా బర్రె కాదు."

హాలంతా ఒక్కసారి గోల. పిల్లను ఎవరో బెదిరించారని ఒకరు, కొనేశారని ఒకరు. ఎల్లేష్ బల్ల మీద చరిచి వీడియో వేయించాడు. స్వీటీ ఏడుస్తూనే తెర మీద వేలు పెట్టి అమ్మ పైట చూపించింది. రాజమణి మహేందర్ వైపు చూడకుండా లేచి, నిండు సభలో ఎడమ భుజం మీది పైట పట్టుకుని అటూ ఇటూ తిరిగి చూపించింది. హాల్లో ఆడవాళ్లందరూ ఎవరి భుజం వాళ్లు తడుముకున్నారు. మహేందర్ తల దించుకున్నాడు. లేచి "తప్పయింది కాకా" అనడానికి అతనికి చాలాసేపు పట్టింది.

బసవయ్య ముందు స్వీటీ దగ్గరికి వచ్చాడు. "నీ తప్పేం లేదు బిడ్డా. కండ్లకు కనబడుతున్నా కాదని చెప్పినవ్. మస్తు గుండె గావాలె గందుకు" అని తల నిమిరాడు.

తర్వాత బీరయ్య ముందుకు వెళ్లి నిలబడ్డాడు. ఇద్దరూ గోచీలు పెట్టుకున్న వయసు నుంచి కలిసి బర్రెలు కాసినవాళ్లు, ఒక్క గిన్నెలో గట్క తాగినవాళ్లు.

"గా పోరికి దుడ్డె చెవి తప్పు యాదికున్నది. ఫోన్ చెడగొట్టిందంట, సరే" అన్నాడు బసవయ్య. "నువ్వు నా మొహం చిన్నప్పటి సంది చూస్తున్నవ్ గదరా బీరిగా. దాన్ని ఏ ఫోన్ చెడగొట్టింది?"

జీవితమంతా అరుపులే తప్ప మాటలు తెలియని మనిషి బీరయ్య. చేతులు జోడించబోయాడు, అవి కలవలేదు. కండువాతో మొహం కప్పుకుని, చిన్నపిల్లాడిలా భుజాలు ఎగిరిపడేలా ఏడ్చాడు.

ఈ బొమ్మ తనలో పడకూడదని స్వీటీ గబుక్కున గోడ వైపు తిరిగింది. కానీ అప్పటికే చూసేసింది.